చెవులకు పట్టని బిరడాలు

“మళ్ళీ చదవనా?” అంది భార్య.

తల తుడుచుకుంటూ వచ్చిన మేస్త్రీ తువ్వాలు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆమె చేతిలో ఉన్న కాగితం ఏమిటో దూరం నుంచే తెలిసిపోయింది. పైన డబ్బాల ఫ్యాక్టరీ ముద్ర. కింద తన సంతకం.

“అది నీకెలా వచ్చింది?”

“నాకు రాలేదు. మీ చెల్లెలికొచ్చింది, రిజిస్టరు పోస్టులో. తను లేవలేదు కదా, నేనే వెళ్ళి తీసుకున్నాను. చదివి పెట్టు వదినా అంది. సగంలో ఆపేద్దామనుకున్నాను. ఆపనివ్వలేదు.”

మేస్త్రీ పక్కగది వైపు చూశాడు. తలుపు ఓరగా వేసి ఉంది. ఆ సందులోంచి మంచం కోడూ, రెండు దిండ్ల మీద ఎత్తిపెట్టిన పిండికట్టు కాలూ కనిపిస్తున్నాయి. మనిషి కనిపించడం లేదు.

“‘ప్రమాదానికి గురైన కార్మికురాలు, సంస్థ ఇచ్చిన ఇయర్‌ప్లగ్గులను తన ఇష్టం వచ్చినట్టు కత్తిరించి వాడింది,’” భార్య చదవసాగింది. “‘అందువల్లనే ఆమెకు సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్టు బండి హారన్ వినపడక, కాలు దాని కింద పడింది. వాటిని ఎలా పెట్టుకోవాలో నేను స్వయంగా నేర్పించాను. అవి సరిపోవడం లేదని ఆమె నాకు ఎన్నడూ చెప్పలేదు.’”

“నెమ్మదిగా.”

“ఎందుకు నెమ్మదిగా? వినాల్సిన మనిషి వినేసింది. ఇంకెవరు వినకూడదు?”

తడి తల మీంచి నీళ్ళు మెడ వెనక్కి కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

“రోజూ పొద్దున్నే ఆ మంచం దగ్గర కూర్చుని కాఫీ తాగుతున్నారు,” అంది ఆమె. “నొప్పి తగ్గిందా అని అడుగుతున్నారు. ఇది రాసిచ్చి ఎన్నాళ్ళయింది?”

“తొమ్మిది రోజులు.”

“తొమ్మిది రోజులు!”

ఆమె కాగితాన్ని మడతల మీదే మడిచి కుట్టుమిషను మీద పెట్టింది. సగం కుట్టిన స్కూలు బ్యాగు ఇంకా సూది కిందే ఉంది. మళ్ళీ కూర్చుని పని అందుకుంటుందేమో, ఆ చప్పుడులో తను తప్పించుకోవచ్చునేమో అని మేస్త్రీ క్షణం పాటు ఆశపడ్డాడు. ఆమె కూర్చోలేదు.

“వదినా,” లోపల నుంచి గొంతు వినిపించింది. “అన్నయ్యని ఒకసారి రమ్మను.”

*

చెల్లెల్ని ఇంట్లో అందరూ పిట్ట అంటారు. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేదట. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా మనిషి ఏమంత పెరగలేదు. పెళ్ళి మాట ఎత్తితే ‘నా బతుకు నన్ను బతకనివ్వండి’ అని నవ్వేసేది. ఎనిమిదేళ్ళ కింద అన్న పనిచేసే ఫ్యాక్టరీలోనే, అన్న చేతి కిందే, రేకు మూతలు కొట్టే ప్రెస్సు లైనులో చేరింది.

మేస్త్రీ మంచం పక్కన ఉన్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఆమె ముఖం చూడలేక పిండికట్టు వంక చూశాడు. కట్టు చివర అయిదు వేళ్ళూ వాచి, లేత వంకాయ రంగులోకి తిరిగి ఉన్నాయి. ఆ వేళ్ళ వంకా ఎక్కువసేపు చూడలేకపోయాడు.

“తల తుడుచుకో. జలుబు చేస్తుంది,” అంది పిట్ట.

తిట్టినా బాగుండేది.

“మేనేజరు పిలిచాడు,” అన్నాడు. “ఎవరో ఒకరి తప్పని తేలాల్సిందే అన్నాడు. అయితే కత్తిరించిన మనిషిది, కాకపోతే చూసుకోని మేస్త్రీది. ఇద్దర్లో ఒకరి ఉద్యోగమే నిలుస్తుంది, నువ్వే తేల్చుకో అన్నాడు. నాది పోతే ఇల్లెలా నడుస్తుంది? నీది పోతే నేనున్నాను కదా, చూసుకుంటాను కదా అనుకున్నాను.”

“అదే మాట ముందు నాతో అని ఉంటే నేనే రాసిచ్చేదాన్ని అన్నయ్యా.”

అతను తల ఎత్తలేదు.

“నిజంగా. తప్పు నాదేనని నా చేత్తోనే రాసిచ్చేదాన్ని. నువ్వు అడగలేదు.” ఆమె గొంతు పెరగలేదు. “పోనీ అది వదిలెయ్. ‘ఎన్నడూ చెప్పలేదు’ అని ఎలా రాయగలిగావు? మూడుసార్లు చెప్పాను నీకు.”

మూడుసార్లూ అతనికి గుర్తున్నాయి.

మొదటిసారి, ఆ పసుపుపచ్చ స్పాంజి ప్లగ్గులు వచ్చిన వారంలోనే. అందరూ వాటిని బిరడాలు అనేవారు. సరుకు అమ్మే మనిషి తెచ్చిన పుస్తకంలో ఆరేడు రకాలుంటే, ఒక్కోదాని పక్కన అది ఎంత మోత ఆపుతుందో చెప్పే నంబరు ఉంది. అన్నిటికన్నా పెద్ద నంబరు ముప్పై మూడు. మేస్త్రీ దాని మీద వేలు పెట్టి, ‘మా వాళ్ళకి ఇదే కావాలి, తక్కువ రకం వద్దు’ అన్నాడు. ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు. సైజులుంటాయని అతను అడగలేదు. అమ్మే మనిషీ చెప్పలేదు. పెట్టె వచ్చాక బల్ల మీద కుమ్మరించి, తలా ఒక జత తీసుకోమన్నాడు. నేర్పించడమంటే అంతే.

రెండోసారి, చెవులు పుండ్లు పడుతున్నాయని, గంట తిరక్కుండానే బయటికి తన్నుకొచ్చేస్తున్నాయని చెప్పింది. చిన్నవి తెప్పించమంది. చూద్దాంలే అన్నాడు.

మూడోసారి భోజనాల బల్ల దగ్గర, లైనులో ఆడవాళ్ళందరి ముందూ అడిగింది. అతను చెయ్యెత్తి అందరి వైపూ తిరిగి, “అసలు పిట్టకి చెవులెక్కడుంటాయమ్మా, బిరడాలు పట్టడానికి!” అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. పిట్ట కూడా నవ్వింది కానీ, అన్నం డబ్బా మూత పెట్టేసి లేచిపోయింది.

ఆ మధ్యాహ్నమే వచ్చి అతని బల్ల మీది కత్తెర అడిగింది. ఎందుకని అడగకుండానే ఇచ్చాడు. అక్కడే, అతని ఎదురుగానే, రెండు బిరడాలనూ అడ్డంగా సగానికి కోసి వేలితో లోపలికంటా తోసుకుంది. “ఇప్పుడు పట్టాయి చూడు,” అంది. అతను బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఆ సంగతి కాగితంలో రాయలేదు.

“ఆసుపత్రిలో డాక్టరు చెవిలోంచి ముక్క తీశాడు కదా,” అంది పిట్ట. “చిన్న పట్టకారుతో. కాలు విరిగినందుకు కూడా నేను ఏడవలేదు. అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. ఎందుకు కత్తిరించావమ్మా, చెప్పేవాళ్ళు లేరా అన్నాడు. మా అన్నయ్యే మేస్త్రీ అని చెప్పడానికి సిగ్గేసింది.”

గుమ్మంలో నిలబడి ఉన్న భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. కింద వీధిలో ఎవరో ఇనప షట్టరు పైకి లాగారు.

*

నాలుగింటికి సేఫ్టీ మేడం వచ్చింది. ఆమె ఫ్యాక్టరీ మనిషి కాదు. ప్రమాదాల మీద విచారణ చేసే పెద్దాఫీసు నుంచి వచ్చింది. వస్తుందని తెలిసే మేస్త్రీ ఆ రోజు సెలవు పెట్టాడు. మేడం ఏమడిగితే ఏం చెప్పాలో పిట్టకి నేర్పిపెట్టాలని కూడా పొద్దున అనుకున్నాడు. ఆ ఆలోచన గుర్తొచ్చి ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోయాడు.

నలభై దాటిన మనిషి. రెండంతస్తులు ఎక్కొచ్చిన ఆయాసం తీర్చుకుని, మంచినీళ్ళు తాగి, కాగితాలు తీయకుండా ముందు సంచిలోంచి ఒక పెట్టె తీసింది.

“మీ చెవి చూడనిస్తారా?” అని పిట్టని అడిగింది.

రెండు చివరలా గుండ్లున్న చిన్న ప్లాస్టిక్ పుల్ల తీసి, ఒక్కో గుండూ ఆమె చెవి రంధ్రం దగ్గర పెట్టి చూసింది. ఒకటి పట్టలేదు. ఇంకో పుల్ల తీసింది. దానిలోనూ చిన్న గుండే సరిపోయింది.

“అన్నిటికన్నా చిన్న సైజు మీది. మీకిచ్చినవి పెద్ద చెవులవి.” మేస్త్రీ వైపు తిరిగింది. “ఈ ముప్పై మూడు నంబరు ఎవరు ఎంచారు?”

“నేనే మేడం.”

“ఎందుకు?”

“పెద్ద నంబరు కదా... మంచిదని.”

“ఎంత మూసేస్తే అంత మంచిదనుకున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు,” అందామె. గొంతులో ఎగతాళి లేదు. “హోరు తగ్గాలి కానీ హారన్ వినపడకుండా పోకూడదు కదా. మీ హాల్లో హోరు ఎంతుందో కొలిచాను. ఇంత మూత అక్కర్లేదు. ఫోర్క్‌లిఫ్టులు తిరిగే చోట ఇది అసలు పనికిరాదు.”

పెట్టెలోంచి నాలుగు రకాలు తీసి పక్క మీద వరసగా పెట్టింది. చిన్న సైజు స్పాంజివి. మూడు అంచెల గొడుగులా ఉన్న మెత్తటి రబ్బరువి. దారంతో జతగా కట్టినవి. మెడకి వేలాడే బద్దకి అమర్చినవి. మేస్త్రీ వాటిని చూశాడు. అమ్మే మనిషి పుస్తకంలో ఇవన్నీ ఉన్నాయి. తనే పేజీ తిప్పేశాడు.

“ఇది తీసుకోండి. శుభ్రమైన వేళ్ళతో సన్నగా, పుల్లలాగా నలపండి. రెండో చెయ్యి తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి లాగండి. ఆ... ఇప్పుడు పెట్టండి. వేలు తియ్యకండి. లోపల ఉబ్బేదాకా ఆగాలి.”

పిట్ట అలాగే చేసింది. రెండో చెవికీ పెట్టుకుంది. మేడం ఫోనులో ప్రెస్సు హోరు పెట్టి, దాని మధ్యలో హారన్ వినిపించింది.

“వినపడింది!” అంది పిట్ట గట్టిగా. తన గొంతు ఎంత పెద్దగా లేచిందో తనకే తెలిసినట్టు లేదు. “హోరు దూరంగా ఉంది. హారన్ మాత్రం తెలుస్తోంది. నొప్పి కూడా లేదు.” చెవి తడుముకుని మేడం వంక చూసింది. “ఇంతేనా? ఇంత తేలికా?”

ఆ మాట తననే అడిగినట్టు మేస్త్రీకి చెంపలు మండాయి.

“మీరూ పెట్టుకుని చూపించండి మేస్త్రీ గారూ,” అంది మేడం. “నేర్పించానని రాశారు కదా.”

అతను ఒకటి తీసుకున్నాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో చెవిలో ఏదీ పెట్టుకున్న మనిషి కాదు. ప్రెస్సు మోత విని ఏ ప్రెస్సుకి ఏం రోగమొచ్చిందో చెప్పగలనని గొప్పగా ఉండేది. నలిపాడు, పెట్టాడు. జారి ఒళ్ళో పడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. మూడోసారి వంగి నేల మీద వెతుకుతుంటే భార్య వచ్చి భుజం తట్టింది.

“మేడం అడుగుతున్నారు.”

అతను తలెత్తాడు. మేడం లేచి కిటికీ దగ్గరికి, అతని వీపు వెనక్కి వెళ్ళి ఉంది.

“మూడుసార్లు పిలిచాను,” అందామె. మళ్ళీ వచ్చి కూర్చుంది. “ఎన్నాళ్ళ నుంచి ఇలా వినపడటం లేదు?”

పిలిస్తే పలకడని, మాట లక్ష్యపెట్టడని భార్య అలిగిన రోజులు, తినబోతూ కంచం ముందు నుంచి లేచిపోయిన రోజులు ఒక్కొక్కటీ ఇప్పుడు కొత్తగా అర్థమవుతుంటే ఆమె ముఖం పాలిపోయింది.

“పరీక్ష చేయించాలి,” అంది మేడం. కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుంది. పెన్ను మూత తీసింది. “అది తర్వాత. ఇప్పుడొకటి అడుగుతాను, ఆలోచించి చెప్పండి. ‘ఆమె ఎన్నడూ చెప్పలేదు’ అని రాశారు. చెప్పానని ఆమె నాతో ఫోనులో అంది. మీకు వినికిడి తగ్గింది. ఆ హోరులో చెబితే మీకు వినపడి ఉండకపోవచ్చు. అలా అయితే ఇది అబద్ధం కాదు, పొరపాటు. ఇద్దరి మీదా తప్పుండదు. ఏళ్ళ తరబడి పరీక్షలు చేయించని ఫ్యాక్టరీదే తప్పవుతుంది.”

“అవును మేడం,” పిట్ట గబుక్కున అంది. చెవుల్లోంచి ప్లగ్గులు లాగేసి మోచేతుల మీద లేవబోయింది. “అంతే అయుంటుంది. ప్రెస్సులు ఆడుతుంటే మనిషి మాట మనిషికి వినపడదు. అన్నయ్యకి వినపడి ఉండదు.”

ఆమె అతని వంకే చూస్తోంది. అను, ఆ ఒక్క మాటా అను అన్నట్టు కళ్ళతో బతిమాలుతోంది. తొమ్మిది రోజుల కింద తను ఆమెని ముంచి గట్టుకి చేరాడు. ఇప్పుడామె విరిగిన కాలుతో తనకి చెయ్యందిస్తోంది.

ఆ చెయ్యి పట్టుకోవడం ఎంత సుఖంగా ఉంటుందో మేస్త్రీకి తెలుసు. ఉద్యోగం ఉంటుంది. చెల్లెలి ఉద్యోగమూ ఉంటుంది. అయ్యో పాపం, చెవుడు అని నలుగురూ జాలిపడతారు. అలా అనడానికి నోరు తెరిచాడు కూడా.

“వినపడింది,” అన్నాడు.

“అన్నయ్యా!”

“మూడుసార్లూ వినపడింది మేడం. మూడోసారి భోజనాల గంటలో చెప్పింది. ప్రెస్సులు ఆగి ఉన్నాయి. విని నవ్వాను. నలుగురినీ నవ్వించాను. కత్తెర నాదే. నా కళ్ళ ముందే కత్తిరించుకుంది. బాగుందన్నాను.” భుజం మీది తువ్వాలు ఒళ్ళోకి జారింది. దాన్ని చేతుల్లో నలిపాడు. “ఎవరికీ ఏమీ నేర్పించలేదు. నాకే రాదు. మీరు చూశారుగా.”

పిట్ట గోడ వైపు ముఖం తిప్పుకుంది. ఆమె కోపంతో తిప్పుకుందో, ఏడుస్తోందో అతనికి తెలియలేదు. భార్య మాత్రం ఆ పొద్దుట్నుంచి మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

“ఇంకెవరైనా కత్తిరించారా?” అని అడిగింది మేడం.

అతను ఈ ప్రశ్నకే భయపడుతున్నాడు.

“పిట్టని చూసి మిగతా ఆడవాళ్ళూ... బాగా పట్టాయని...”

“ఎంతమంది?”

“లైనంతా. పదకొండు మంది.”

పెన్ను ఆగిపోయింది. “ప్రమాదం జరిగి రెండు వారాలైంది. ఇప్పుడు వాళ్ళు ఏం పెట్టుకుంటున్నారు?”

“అవే.”

“ఇవాళ ఏ షిఫ్టు?”

“రెండోది. నడుస్తోంది.”

మేడం ఫోను తీసి ప్రెస్సు హాలుకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఆ హోరులో ఫోను ఎవరికి వినపడుతుంది? మేనేజరుకి చేస్తే మీటింగులో ఉన్నాడన్నారు.

మేస్త్రీ లేచి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు ఒకటికొకటి తప్పాయి. భార్య దగ్గరికొచ్చి మాట్లాడకుండా విప్పి సరిగ్గా పెట్టింది.

*

మేడంతో పాటు వచ్చి మేస్త్రీ హాలు తలుపు తెరవగానే హోరు ముఖానికి కొట్టింది. పన్నెండు ప్రెస్సుల్లో పదకొండు ఆడుతున్నాయి. రేకు పడుతోంది, డబ్బా మూత లేస్తోంది. పసుపు గీత అవతల ఫోర్క్‌లిఫ్టు వెనక్కి వస్తూ హారన్ కొడుతోంది. దాని దారికి అడుగు దూరంలో వీపు తిప్పి నిలబడ్డ మనిషి కదల్లేదు. చెవి దగ్గర స్పాంజి చివర కూడా కనిపించనంత లోపలికి తోసుకుని ఉంది.

మేస్త్రీ పరుగెత్తాడు. ప్రెస్సులన్నిటినీ ఒక్కసారి ఆపే, స్తంభం మీది ఎర్ర బటన్ అరచేత్తో గుద్దాడు. ఇరవై రెండేళ్ళలో ఎవరైనా దాని మీద చెయ్యి వేస్తే కేకలేసిన మనిషి అతనే.

ప్రెస్సులు ఒక్కొక్కటిగా ఆగాయి. ఫోర్క్‌లిఫ్టూ ఆగింది. పదకొండు తలలూ ఇటు తిరిగాయి.

“చెవుల్లోవి తీసెయ్యండి,” అన్నాడు. వాళ్ళకి వినపడలేదు. చేత్తో చూపించాడు. ఒక్కొక్కరే తీశారు. ఒకామెకి రాకపోతే పక్కామె గోటితో లాగి తీసింది. సగం సగం ముక్కలు, చెమటకి నల్లబడ్డవి, అరచేతుల్లో పెట్టుకుని నిలబడ్డారు.

“అవి తప్పు సైజు. ఎంచింది నేను. పిట్ట చెబితే విని కూడా...” ఎప్పుడూ అరిచి చెప్పే చోట ఇంత నిశ్శబ్దంలో మాట్లాడటం అతనికి చేతకాలేదు. “తప్పు పిట్టది కాదు. నాది. కాగితంలో అబద్ధం రాసిచ్చాను. ఈ మేడం సరైనవి ఇస్తారు. అవి వచ్చేదాకా ఎవరూ ప్రెస్సు ముట్టుకోవద్దు.”

లైనులో అందరికన్నా పెద్దది, అందరూ లైను అక్క అని పిలిచే మనిషి, రెండడుగులు ముందుకొచ్చింది. ఆ రోజు భోజనాల బల్ల దగ్గర అందరికన్నా గట్టిగా నవ్వింది ఆమే.

“నా చెవిలోంచి చీము కారుతోందని ఏడాది కింద మీకు చెప్పాను మేస్త్రీ గారూ. గుర్తుందా?”

అతనికి గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా గుర్తులేదు. విన్నాడో, వినపడలేదో, విని నవ్వాడో కూడా తెలియలేదు.

“ఇవాళ పరుగెత్తుకొచ్చారు, బాగుంది. ఒక్క మాట చెప్పండి.” అరచేతిలోని ముక్కల్ని ఆమె పిడికిట్లో మూసింది. “ఆ బండి కింద పడింది మీ చెల్లెలు కాకుండా నేనైతే, వచ్చేవారా?”

పై అంతస్తులో అద్దాల గది తలుపు దబ్బున తెరుచుకుంది. మేనేజరు మెట్ల మీదికొచ్చాడు. “ఎవరు ఆపారు లైను? ఎవరు చెప్పారు ఆపమని?”

“ఆగండి సార్,” లైను అక్క తల తిప్పకుండానే అంది. “ముందు మేస్త్రీ గారు చెప్పాలి.”